నూట అరవై అక్షరాల కరువు

వానలు లేక ఊళ్లు ఎండిపోవడం మీరు చూసే ఉంటారు. బోరు చెడి, కరెంటు పోయి, పైపు పగిలి నీళ్లు ఆగిపోవడమూ చూసే ఉంటారు. ట్యాంకు నిండుగా ఉండి, మోటారు నిక్షేపంగా తిరుగుతుండగా, ఒక్క బటన్ నొక్కి టౌన్‌షిప్ మొత్తానికి కరువు తెప్పించిన మనిషిని మాత్రం చూసి ఉండరు. ఇదిగో, చూడండి. నేనే. ఆ సాయంత్రానికి ఒక ఆసుపత్రీ, ఒక గెస్ట్‌హౌసూ, వందల క్వార్టర్లూ, అన్నిటికన్నా ముఖ్యంగా మా నాన్న ఉద్యోగమూ నా చూపుడువేలి కింద పడి నలిగిపోయాయి.

అప్పుడు మేం కిరందుల్‌లో ఉండేవాళ్లం. పైన బైలాడిలా ఇనప కొండలు, కింద గని కంపెనీ టౌన్‌షిప్, మధ్యలో ఎర్రదుమ్ము. ఉతికి ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి గులాబీరంగు తేలేది. మా నాన్న సింహాచలం విజయనగరం పక్క పల్లె నుంచి రైలెక్కి వచ్చి ఇక్కడ పంప్‌హౌస్ ఆపరేటర్ అయ్యాడు. టౌన్‌షిప్‌కి నీళ్లు వదిలేదీ, కట్టేదీ ఆయనే. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. పాతికేళ్లలో ఒక్కరోజు కూడా పది నిమిషాలు ఆలస్యం చేయలేదని ఆయన గర్వం. మనిషికి ఏదో ఒక గర్వం ఉండాలి కదా! దాన్ని నేలకూల్చడానికి ఓ కూతురూ ఉండాలి.

ఆ కూతురు కాలేజీలో కంప్యూటర్ కోర్సు చదువుతోంది. కొండమీద సెల్‌ఫోన్ టవర్ లేచి ఏడాదైంది. చివరి సంవత్సరం వాళ్లందరూ తలా ఒక సాంకేతిక విషయం తీసుకుని, అది నిత్యజీవితంలో ఎలా పనికొస్తుందో సెమినార్‌లో చెప్పాలి. రాయపూర్ నుంచి పరీక్షకుడు వస్తాడు. నా జతగత్తె బుధ్రి. కొండ అవతలి పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి. మాట తక్కువ, వాత ఎక్కువ. మా ఇద్దరి మధ్యా హిందీ, తెలుగు, గోండీ కలిసిన ఖిచిడీ నడిచేది. మీకు అరిగేటట్టు తెలుగులోనే వడ్డిస్తున్నాను.

మేం తీసుకున్న విషయం, ఒకే మెసేజ్‌ని కంప్యూటర్ నుంచి ఒకేసారి ఎందరికో పంపడం. ల్యాబ్‌లోని ఫోన్‌ని తీగతో కంప్యూటర్‌కి కలిపి, నంబర్ల జాబితా ఎక్కించి, బటన్ నొక్కడమే. నమూనా కోసం నేనొక మెసేజ్ రాశాను. రోమన్ అక్షరాల్లో హిందీ. దాని సారాంశం ఇది: “ముఖ్య సూచన. పైపుల మరమ్మతు కారణంగా రేపటి నుంచి రెండు రోజులు నీటి సరఫరా ఉండదు. దయచేసి ఈ రోజే నీళ్లు నింపి పెట్టుకోండి. పంప్‌హౌస్. ఇది కేవలం ఒక నమూనా సందేశం.”

బుధ్రి చదివి ముక్కు చిట్లించింది.

“నమూనా అన్న మాట మొదట పెట్టవే.”

“మొదట పెడితే గంభీరత ఎక్కడుంటుంది? పెళ్లి శుభలేఖ మీద ‘ఉత్తుత్తి పెళ్లి’ అని రాసినట్టుంటుంది.”

“నీళ్లు రావని రాయడం ఎందుకు? ఇంకేదైనా రాయొచ్చు కదా.”

“జనానికి అన్నిటికన్నా అవసరమైనది నీళ్లు. రెండు రోజులు నల్లా రాకపోతే ఎంత ప్రమాదమో ఆలోచించు!”

“మా ఊరికి నల్లా ఎప్పుడూ రాలేదు. మేం ఎవరికి మెసేజ్ పెట్టాలి?” అంది బుధ్రి.

జవాబు దొరకనప్పుడు తెలివైనవాళ్లు ఆగుతారు. నేను నంబర్లు ఎక్కించడం మొదలుపెట్టాను.

ఆ నంబర్లు ఎక్కడివంటారా? అక్కడే ఉంది అసలు దొంగతనం. పంప్‌హౌస్‌లో ఫిర్యాదుల రిజిస్టర్ ఉండేది. నీళ్లు సన్నగా వచ్చాయని ఎవరు ఫోన్ చేసినా నాన్న ముత్యాల్లాంటి అక్షరాలతో పేరూ, నంబరూ రాసుకునేవాడు. నాన్నకి మధ్యాహ్నం క్యారేజీ ఇచ్చే వంకతో వెళ్లి, ఆయన వంకాయకూర కలుపుకుంటుండగా నలభై నంబర్లు రాసుకొచ్చాను. జాబితా పొడుగ్గా కనిపించడానికే సుమా! పంపేది మాత్రం రెండే నంబర్లకి. ఒకటి మా ల్యాబ్ మేడమ్‌ది, రెండోది బుధ్రి వాళ్ల అన్నయ్యది. అలాగని ముందే అనుకున్నాం. బుధ్రి నాచేత ఒట్టు కూడా వేయించుకుంది.

సెమినార్ రోజు వచ్చింది. పరీక్షకుడు తివారీ సార్ మొదటి బల్ల దగ్గర కూర్చున్నాడు. మనిషి సన్నం, మీసం దట్టం. నాకంటే ముందు మాట్లాడిన నలుగురినీ నమిలి ఊశాడు. నా వంతు వచ్చేసరికి నా గొంతు బావిలో పడ్డ చెంబులా ఎక్కడో లోపల గలగలమంటోంది. అయినా చెప్పాను. మెసేజ్ అంటే ఏమిటో, ఎలా ప్రయాణిస్తుందో చెప్పాను. ఒక మెసేజ్‌లో నూట అరవై అక్షరాలకు మించి పట్టవని కూడా చెప్పాను. బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. ఈ సంగతి దయచేసి మనసులో ఉంచుకోండి. నేను ఉంచుకోలేదు.

తివారీ సార్ గడ్డం గోక్కున్నాడు.

“అంతా బాగుంది. కానీ బేటీ, నిత్యజీవితంలో ఉపయోగం అన్నావు. ఈ అడవిలో ఇలాంటి మెసేజ్ వస్తే ఎవరు చదువుతారు? చదివినా ఎవరు నమ్ముతారు?”

“నమ్ముతారు సార్.”

“నువ్వు పంపేది ఇద్దరికి. ఆ ఇద్దరూ మీవాళ్లే. దీనిలో ఏం రుజువైనట్టు?”

వెనక బల్లల మీంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నా చెవులు పెనం మీద అట్లలా కాలాయి. కందకు లేని దురద కత్తిపీటకు ఉండకూడదంటారు. నా కత్తిపీట ఒళ్లంతా దురదే. మౌస్ తీసి ‘అందరికీ’ అన్నచోట నొక్కాను.

“జ్యోతీ, వద్దు!” అని బుధ్రి నా మోచెయ్యి పట్టుకునేసరికి తెరమీద లెక్క పరుగెడుతోంది. ఒకటి, రెండు, ఏడు, పదహారు... నలభై రెండు.

“పంపాను సార్. నలభై ఇళ్లకి,” అన్నాను, ఏదో కోట జయించినట్టు.

“చూద్దాం,” అన్నాడాయన, కలం మూత పెడుతూ. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలన్నారు. వాళ్లకి మెసేజ్‌లు తెలియవు గానీ, బటన్ దాటితే బైలాడిలా కొండలే దాటుతుంది.

సాయంత్రం నాలుగున్నరకి ఇంటికొచ్చాను. మా వీధిలో అడుగు పెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. ప్రతి ఇంటిముందూ బిందెలు. బిందెల వెనక బకెట్లు. బకెట్ల వెనక గంగాళాలు. పక్కింటి పైడమ్మత్త చీర ఎగదోపి, ప్రెషర్ కుక్కర్లో నీళ్లు పడుతోంది. ఆవిడ పక్కన వరసలో అప్పటికే నిండిన సామాన్లు: పాలగిన్నె, పూలకుండీ, ఉప్పు జాడీ, దేవుడి పంచపాత్ర.

“అత్తా, ఏమైంది?”

“ఏటైనాదంటావేటే గుంటా! రెండ్రోజులు నీల్లు రావంట. నోటీసొచ్చీసినాది. మీ నాన్నే కదేటి పంపినాడు, నీకు చెప్పనేదా?”

నా గుండె ఒక మెట్టు దిగింది.

“అత్తా, అది నమూనా అని చివర్లో రాసుంది కదా?”

“ఏ నమూనా? ఇదిగో, నువ్వే సూడు.”

ఫోన్ అందుకున్నాను. అంతా ఉంది. సూచన ఉంది, మరమ్మతు ఉంది, పంప్‌హౌస్ అన్న సంతకం ఉంది. ఆ తర్వాత “యే కేవల్ ఏక్” అని ఉంది. అంటే “ఇది కేవలం ఒక”. అంతే. అక్కడితో నూట అరవై అక్షరాలు నిండిపోయాయి. మిగతాది కత్తిరించుకుపోయింది.

“ఇది కేవలం ఒక... అని ఆపీసేడు మీ నాన్న. ఒక ఏటో అని వీదంతా బుర్రలు బద్దలు కొట్టుకున్నాం. ఆకరికి ఆ మూలింటి మాస్టారు చెప్పినాడు, ఇది కేవలం ఒక ఆరంబం అని! రెండ్రోజులు కాదంట, నెల్లాల్లంట!”

గుండె మిగతా మెట్లన్నీ ఒక్కసారే దిగింది.

మా ఇంట్లోకి పరిగెత్తాను. మా అమ్మ బియ్యపు డబ్బా బోర్లించి కడుగుతోంది.

“అమ్మా, ఆపు! నీళ్లు వస్తాయి! అది అబద్ధం!”

“నువ్వూరుకో. మీ నాన్న పంప్‌హౌస్‌లో ఉండి కూడా ఇంట్లో ముక్క చెప్పనేదు. ఊరందరికీ చెప్పీసి పెళ్లానికి చెప్పనోడి సంగతి, ఇంటికి రానీ, అప్పుడు సూస్తాను.”

పంప్‌హౌస్‌కి పరిగెత్తాను. దారి పొడుగునా ఒకటే చప్పుడు, నల్లాల కింద ఖాళీ సామాన్లు నిండే చప్పుడు. నలభై ఇళ్లకే పంపాను. కానీ ప్రతి ఇల్లూ పది ఇళ్లకి చెప్పింది. కొందరు ఫోన్‌లో, ఎక్కువమంది గోడమీంచి.

నాన్న ట్యాంకు కింద నిలబడి మెడ పైకెత్తి చూస్తున్నాడు. ట్యాంకు గోడకి అంకెల పలక ఉండేది. తాడుకు కట్టిన ముల్లు దానిమీద కదిలేది. లోపల నీళ్లు దిగుతుంటే బయట ముల్లు పైకి పోతుంది. మామూలుగా రెండు గంటల్లో జానెడు పైకి పోయే ముల్లు, ఆ రోజు తరిమిన తొండలా పాకిపోతోంది.

“నాన్నా!”

“ఆగమ్మా, ఆగు. ఎక్కడో పెద్దపైపు పగిలిపోనాది. పాతికేళ్లలో ఇలా సూడనేదు. ట్యాంకు కారిపోతంది.”

“నాన్నా, పైపు పగల్లేదు...”

“నీకు తెల్దు. ఇంకో పావుగంటైతే ట్యాంకులో సుక్క కూడా ఉండదు.” అంటూనే పెద్ద వాల్వు చక్రం పట్టుకుని రెండు చేతులతో తిప్పేశాడు. నేను చెయ్యి పట్టుకునేలోపే అది బిగిసిపోయింది.

టౌన్‌షిప్ మొత్తం మీద నల్లాల చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దాన్ని నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఒక్క క్షణం తర్వాత వీధుల్లోంచి ఒక పెద్ద నిట్టూర్పు లేచింది. అందులో బాధకంటే తృప్తి ఎక్కువ. “చూశారా, చెప్పినట్టే అయింది” అన్న తృప్తి.

ఫోన్ మోగింది. నాన్న ఎత్తాడు. ఆసుపత్రి నుంచి నర్సమ్మ. ఆసుపత్రి గుట్టమీద ఉంది. నీళ్లు అక్కడికి చివర్లో ఎక్కుతాయి. ఆ రోజు ఎక్కనే లేదు.

“డబ్బాల్లో ఉన్నవి అయిపోవచ్చాయి. ఒక కాన్పు కేసు ఉంది. రాత్రికి నీళ్లు కావాలి,” అంటోంది ఆవిడ. నాన్న మొహం సున్నం కొట్టిన గోడలా అయింది.

“మల్లీ ట్యాంకు నిండాలంటే తెల్లారుతాది,” అన్నాడు నాతో, ఫోన్ పెట్టేసి.

అప్పుడే జీపు వచ్చి ఆగింది. నీటి విభాగం ఇంజనీర్ సాబ్ దిగాడు. వస్తూనే తన ఫోన్ నాన్న మొహానికి ఆనించాడు.

“సింహాచలం! ఇదేమిటి? మరమ్మతు ఎప్పుడు పెట్టుకున్నావ్? నన్నడిగావా?”

“సాబ్, నాకు తెలీదు సాబ్. నేను పంపలేదు.”

“కింద పంప్‌హౌస్ అని లేదూ? పంప్‌హౌస్ అంటే ఎవరు, నేనా? మెసేజ్ వచ్చిన వాళ్లందరి నంబర్లూ ఉండేది నీ రిజిస్టర్‌లోనే. ఆసుపత్రి వాళ్లు జీఎమ్‌గారికే ఫోన్ చేశారు. రేపు పొద్దున మెమో తీసుకో. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు.”

మా నాన్నకి మెసేజ్ చదవడమే సరిగ్గా రాదు. ఆయన కళ్లద్దాలు సవరించుకుని ఆ ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు, అందులో ఎక్కడో తన నేరం కనబడుతుందేమో అన్నట్టు. మెసేజ్ వెళ్లింది కాలేజీ ఫోన్ నుంచి. నేను నోరు మూసుకుంటే ఆ రోజుకి నా పేరు బయటికి రాదు. నిజం చెప్పేస్తున్నాను, ఆ ఆలోచన నాకు వచ్చింది. రెండు ఊపిరుల సేపు ఉంది కూడా.

“సార్, నేను పంపాను,” అన్నాను.

ఇంజనీర్ సాబ్ నా వైపు, పంప్‌హౌస్‌లో పిల్లి మాట్లాడినట్టు చూశాడు.

“నువ్వా? ఎందుకు?”

“సెమినార్ సార్.”

“సెమినార్‌కి నీళ్లు ఆపుతారా?”

“ఆపలేదు సార్. ఆపుతామని చెప్పాను. అందరూ పట్టుకున్నారు. ట్యాంకు ఖాళీ అయింది. పైపు పగిలిందనుకుని నాన్న ఆపేశాడు. నంబర్లు కూడా నేనే దొంగతనంగా రాసుకున్నాను. నాన్నకేమీ తెలీదు సార్.”

నేను ఏడుస్తున్నానని అప్పటిదాకా నాకు తెలియదు. నాన్న నా వంక చూశాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

“అయితే పైపు పగల్లేదామ్మా?” అన్నాడు మెల్లగా.

“లేదు నాన్నా.”

“హమ్మయ్య!” అని మెట్టుమీద కూలబడ్డాడు. మెమో సంగతి, ఉద్యోగం సంగతి ఆయనకి గుర్తే లేవు. ఆయన పైపు క్షేమంగా ఉంది.

ఇంజనీర్ సాబ్ గుట్టవైపు చెయ్యి చూపించాడు. “ముందు ఆసుపత్రి. నీళ్లన్నీ ఇళ్లల్లో ఉన్నాయి. వెళ్లి అడుగు. నువ్వే అడుగు.”

బుధ్రి అప్పటికే హాస్టల్ నుంచి వచ్చేసింది. హాస్టల్లో కూడా నీళ్లు ఆగిపోయాయి కదా, తెలియకుండా ఉంటుందా! వస్తూనే ఒక ఖాళీ బకెట్ నా చేతిలో పెట్టింది. అదే పెద్ద వాత. ఇద్దరం మొదట పైడమ్మత్త గుమ్మం ఎక్కాం.

“అత్తా, ఆసుపత్రికి ఒక బిందె నీళ్లు కావాలి.”

“అమ్మో! నెల్లాల్లకి దాసుకున్నాను.”

“రేపు పొద్దున నీళ్లొస్తాయత్తా. ఆ మెసేజ్ నేనే పంపాను. తప్పైపోయింది.”

“నువ్వు పంపితే నీల్లెలా ఆగిపోనాయే మరి? ఆగినాయి కదా! నోటీసు నిజమే. నీదే అబద్దం.”

చూశారా నా గతి? అబద్ధం చెబితే అందరూ నమ్మారు, నిజం చెబితే ఒక్కరూ నమ్మడం లేదు. అప్పుడు బుధ్రి ముందుకొచ్చింది.

“అత్తా, నీళ్లు ఎప్పుడొస్తాయో వదిలెయ్. ఆసుపత్రిలో ఒకామె నొప్పులు పడుతోంది. బిడ్డ రెండు రోజులు ఆగుతుందా?”

పైడమ్మత్త బుధ్రి మొహం చూసింది, తన కుక్కర్ చూసుకుంది. “అలగని ముందే చెప్పాల కదేటి,” అంటూ అన్నిటికన్నా పెద్ద బిందె ఎత్తి నడుమ్మీద పెట్టుకుంది. ఆవిడ కదిలితే వీధి కదిలినట్టే. నేను ప్రతి గుమ్మం దగ్గరా “మెసేజ్ నేనే పంపాను, తప్పైపోయింది” అంటూ వెళ్లాను. ఎన్ని గుమ్మాలో లెక్కపెట్టలేదు, చివరికి ఆ మాటలు సత్యనారాయణ వ్రతంలో మంత్రంలా వాటంతటవే వచ్చేశాయి. చీకటి పడకముందే గుట్టమీదికి బిందెల వరస కదిలింది. మా అమ్మ బియ్యపు డబ్బా నెత్తిన పెట్టుకుని నడిచింది. నర్సమ్మ గుమ్మంలో నిలబడి చాలు చాలు అనేదాకా మోశాం.

దిగి వస్తుంటే గెస్ట్‌హౌస్ వరండాలోంచి కేక వినబడింది. “ఎవరైనా ఉన్నారా? పానీ! పానీ!”

తివారీ సార్. నడుముకి తువ్వాలు, తలమీద గోపురమంత నురగ, ఒక కన్ను మూత. సరిగ్గా సబ్బు రాసుకున్నాక నల్లా ఆగిందట. గంట నుంచి అలాగే ఉన్నాడు. నురగ ఎండి మీసాలకి బెల్లం పాకంలా అతుక్కుంది.

నా చేతిలో ఇంకా సగం బకెట్ నీళ్లున్నాయి. తీసుకెళ్లి దించాను. ఆయన తెరిచిన కంటితో నన్ను గుర్తుపట్టాడు.

“నువ్వా! ఇది... ఇది నీ మెసేజేనా?”

“అవును సార్.”

“ఎంతమంది నమ్మారు?”

“మీరు తప్ప అందరూ సార్,” అంది బుధ్రి.

ఆయన బకెట్ తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. మార్కుల కాగితం వచ్చినప్పుడు చూస్తే, ఉపయోగం అన్న గడిలో పూర్తి మార్కులున్నాయి. దాని పక్కన చిన్న అక్షరాల్లో, “పంపే ముందు అక్షరాలు లెక్కపెట్టుకో” అని రాసి ఉంది.

కాన్పు తెల్లవారుజామున అయింది. ఆడపిల్ల. ఇంజనీర్ సాబ్ మెమో బదులు ఒక వివరణ రాసివ్వమన్నాడు. నాన్న చెబుతుంటే నేను రాశాను. “నా కుమార్తె అజ్ఞానం వల్ల” అని మొదలైంది. ఆ మాట కొట్టేయమని బతిమాలాను. ఆయన వినలేదు.

ఇక్కడితో కథ ముగిసిందని మీరనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకుని పడుకున్నాను.

మర్నాడు ట్యాంకు నిండింది. నీళ్లు వదిలారు. కానీ ఎవరింట్లో చూసినా గంగాళాలు నిండి ఉన్నాయి. ఎవరికి కావాలి నీళ్లు? పట్టుకున్నవి పారబోయడానికి ఎవరికీ మనసొప్పలేదు. అందరూ నిల్వనీళ్లే వాడుకున్నారు, ఒక్కరూ నల్లా తిప్పలేదు. మూడో రోజు నాన్నకి వారపు సెలవు. ఆయన బదులు వచ్చిన రెండో ఆపరేటర్, మళ్లీ ఎక్కడ ఖాళీ అవుతుందోనన్న భయంతో మోటారు ఆపకుండా నడిపాడు. లోపలికి వచ్చేవే గాని బయటికి పోయేవి లేవు. ట్యాంకు పొంగింది. పొంగిన నీళ్లు వాలు వెంట దిగి, నేరుగా ఇంజనీర్ సాబ్ బంగళా పెరట్లోకి వెళ్లాయి. వంగతోట, టమాటా మడి, ఆయన స్కూటర్ చక్రాలు, అన్నీ ఎర్రనీళ్లలో మునిగాయి.

ఆయన మోకాళ్లదాకా బురదతో మా ఇంటికొచ్చాడు.

“జ్యోతీ! మళ్లీ మెసేజ్ పెట్టావా?”

“లేదు సార్! మా అమ్మమీద ఒట్టు సార్!”

“అయితే ఇప్పుడు పెట్టు! అందరినీ నల్లాలు తిప్పమని పెట్టు! నలభై కాదు, నాలుగు వందల మందికి పెట్టు!”

నేను వెర్రిదాన్ని, లేచి చెప్పులు కూడా వేసుకున్నాను. నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆయనకి చేతులు జోడించాడు.

“వద్దు బాబూ. రావంటేనే ఇంత పొంగినాయి. వస్తాయని ఇది రాసిందంటే కిరందుల్ కొట్టుకుపోతాది.”

కాబట్టి చదువరులారా, సింహాచలం కూతురైన జ్యోతి అను నేను పంచభూతాల్లో నాకు బాగా తెలిసిన భూతం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో నీళ్ల గురించి ఎవరికీ ఏ కబురూ పంపను. వస్తాయని పంపను, రావని పంపను. దాహమేస్తే నేనే లేచి వెళ్లి ముంచుకుంటాను. “గ్లాసుడు మంచినీళ్లియ్యి” అని మా ఇంట్లోవాళ్లకి కూడా చెప్పను.